నడవాలో మైకు

సోమవారం

డైరీ రాయమని నన్నెవరూ అడగలేదు. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేడు కాబట్టి రాస్తున్నాను. మనిషి లేకపోవడం వల్ల నాకొచ్చిన నష్టమేమీ లేదని ముందే రాసి పెట్టుకుంటున్నాను, తరవాత మర్చిపోకుండా.

మా ఆయన వాళ్లక్క ఇంటికి వెళ్లాడు. బట్టల బ్యాగూ కర్రల సంచీ తీసుకెళ్లాడు. డ్రమ్ములు మాత్రం పెద్ద గదిలోనే ఉన్నాయి, ఇంటి యజమాని తామే అన్నట్టు. నాలుగు రోజుల్లో వస్తానన్నాడు. ఆయన లెక్కలో నాలుగు తరవాత ఐదు రాదు, మళ్లీ ఒకటే వస్తుంది. అందుకే ఆ నాలుగు రోజులు ఇంకా అవుతూనే ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, ఇంట్లో లేని మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా నా స్పీకర్లలో కొడుతూనే ఉన్నాడు. మా బ్యాండు ఆల్బమ్‌కి రికార్డింగూ, శబ్దాలు కలిపే మిక్సింగూ నావి, డ్రమ్ములు ఆయనవి. కాలితో కొట్టే కిక్ ఒక మైకులో, కర్రలతో కొట్టే స్నేర్ ఒక మైకులో, ఇత్తడి పళ్లేల్లాంటి సింబల్స్ రెండింటిలో. ఒక్కో అవయవాన్నీ విడిగా పట్టుకుని కడుగుతున్నాను. మొగుడితో మాటల్లేవు గానీ మొగుడి కుడికాలు ఏ చోట తొందరపడుతుందో రోజూ చూస్తున్నాను, చూసి సరిచేస్తున్నాను.

డ్రమ్ములు చాలా శుభ్రంగా వచ్చాయి.

మంగళవారం

గొంతు ఫోన్ చేశాడు. మా బ్యాండు పాటగాడికి ఆ పేరు పెట్టింది మా ఆయనే, మామూలుగా మాట్లాడాల్సిన చోట కూడా గొంతెత్తుతాడని. నేను పంపిన పాటలు విన్నాడట. గిటార్లు బ్రహ్మాండం, తన గొంతు ఇంకా బ్రహ్మాండం. డ్రమ్ముల దగ్గరకొచ్చేసరికి నసిగాడు.

"తప్పేం లేదు. కానీ ఎవరో లెక్కల మాస్టారు కొట్టినట్టుంది" అన్నాడు.

లెక్క తప్పకుండా కొట్టడం ఎప్పటినుంచి నేరమైందని అడిగాను. నిండుగా లేవట. ప్రాణం లేదట. అట్టపెట్టె మీద కొట్టినట్టున్నాయట. మా ఆయన ఎదురుగా కూర్చుని కొడుతుంటే కడుపులో అదురుతుందట, ఇక్కడ చెవి దాకా కూడా రావడం లేదట. చూస్తానన్నాను. వాయించినవాడిలోనే ప్రాణం లేకపోతే నేనెక్కడినుంచి తెచ్చి పొయ్యాలి అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. గొంతు నోట్లో నువ్వుగింజ నానదు, ఆ మాట రేపటికల్లా అక్క ఇంటికి చేరుతుంది.

చేరితే చేరనీ.

బుధవారం

రోజంతా డ్రమ్ములకి వైద్యం చేశాను.

ముందు కిక్ కింద ఒక కొనుక్కున్న శబ్దం అతికించాను. ఎవడో ఎక్కడో కొట్టి అమ్ముకున్న దెబ్బ. ఆయన కొట్టిన ప్రతి దెబ్బ కిందా ఆ పరాయి దెబ్బ పెట్టాను. లావుగా అయితే అయింది, ఒళ్లు వాచినవాడు లావుగా కనపడినట్టు. తరవాత అన్నిటినీ కలిపి గట్టిగా నొక్కాను. నొక్కితే చిన్న దెబ్బ పెద్దదవుతుంది, పెద్ద దెబ్బ తగ్గుతుంది. సమానత్వం వచ్చింది, సంగీతం పోయింది. చివరికి ఒక పెద్ద హాలు ప్రతిధ్వని కలిపి చూశాను. సొరంగంలో బకెట్లు దొర్లాయి. అన్నీ తీసేసి మొదటికొచ్చాను.

అసలు మొదట చేసిన పనిలో లోపమేమీ లేదు. ప్రతి మైకుకీ గేటు పెట్టాను. డ్రమ్ము మోగినప్పుడే తలుపు తీసి, మోగడం ఆగగానే మూసేస్తుంది. స్టూలు కిర్రు, ఊపిరి, కర్ర జారిన చప్పుడు, ముఖ్యంగా ఆయన కూనిరాగం, ఏదీ లోపలికి రాదు. ఈ మనిషి కొడుతూ పాడతాడు. పాడేది అదే పాటా కాదు, అదే శృతీ కాదు.

ఒక్క నడవా మైకు మాత్రం అన్ని పాటల్లోనూ మ్యూట్‌లో ఉంచాను. అది పెద్ద గది తలుపు బయట, నడవాలో పెట్టిన దూరం మైకు. దాన్ని కలిపితే అంతా బురదవుతుంది. ఇది పూర్తిగా సాంకేతిక కారణం.

గురువారం

వదిన ఫోన్ చేసింది. తమ్ముడి తరఫున దెబ్బలాడటానికి చేసిందనుకుని నేనూ సిద్ధంగానే ఎత్తాను. ఆవిడ గొంతు వేరేగా ఉంది.

వెళ్లిన కొత్తలో తమ్ముణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకుందట. గిన్నెల మీద వాయిస్తాడు, సొట్టలు పడతాయి అని మంచి గిన్నెలన్నీ పైఅరలో దాచిందట. దాచిన గిన్నెలు దాచినట్టే ఉన్నాయట. చెంచా ప్లేటుకి తగలకుండా తింటున్నాడట. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడుస్తున్నాడట. ఏమన్నా అడిగితే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటున్నాడట.

"నోరు మూసుకుని నములుతున్నాడమ్మా. వాడు పుట్టాక ఇదే చూడటం. ఏం చేశావు వాణ్ణి?"

నేనేం చేయలేదన్నాను. పద్ధతిగా తినడం మంచిదే కదా అన్నాను.  వదిన, పైనించి గిన్నెలు దించి ముందర పెట్టినా ముట్టుకోలేదని చెప్పి పెట్టేసింది.

నమిలేటప్పుడు చప్పుడు చేయొద్దని నేను చెప్పిన మాట నిజం. ఎవరైనా చెప్తారు.

శుక్రవారం

కింది వాటా ఆవిడ పైకొచ్చింది. డ్రమ్ముల చప్పుడుకి చీపురుకర్రతో తన పైకప్పు, అంటే మా నేల, బాది బాది ఆ కర్ర సగం అరగదీసిన మనిషి. మా ఇద్దరి ఆరోగ్యం కనుక్కుంది. మా ఆయన ఊళ్లో లేడని చెప్పాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడకి మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదట. ఇంతకుముందైతే చప్పుడు ఆగగానే, హమ్మయ్య అనుకుని పడుకునేదట. ఇప్పుడు ఎప్పుడు మొదలవుతుందో అని కాచుకుని కూర్చుంటోందట. మనశ్శాంతి లేకుండా పోయిందని నా ముందే వాపోయింది. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది వ్యవహారం. నా నిద్ర సంగతి అడిగితే చెప్పేదాన్ని, అడగలేదు.

శనివారం

నడవా మైకు కలిపితే అంతా బురదవుతుంది. ఇది ఇంతకుముందే రాశాను.

ఆదివారం

ఏం జరిగిందో రాసి పారేస్తే పీడ విరగడవుతుంది.

నా చెవులతోనే నాకు తిండి. ఇంటికొచ్చాక వాటిని తీసి మేకుకి తగిలించలేను కదా. భోజనాల బల్ల మీద వేళ్లతో కొట్టొద్దన్నాను. మానేశాడు. చెంచాతో గ్లాసు మోగించొద్దన్నాను. మానేశాడు. చెప్పులు ఈడ్చొద్దన్నాను, పల్లీలు అలా కరకరలాడించొద్దన్నాను, స్నానం చేస్తూ తలుపు మీద దరువేయొద్దన్నాను. ఒక్కొక్కటే మానుకుంటూ వచ్చాడు. నేను దాన్ని సర్దుకుపోవడం అనుకున్నాను.

ఆయన వెళ్లే ముందు రోజు తొందర పాట రికార్డింగ్. ఆల్బమ్‌లో ఆఖరి పాట, తల తోక లేకుండా పరిగెడుతుంది కాబట్టి ఆ పేరు. కూనిరాగం అన్ని మైకుల్లోనూ పడుతోంది. నా గదిలోంచి లేచి నడవా దాటి వెళ్లి, పెద్ద గది గుమ్మంలో నిలబడి ఆపమన్నాను. ఆయన కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకు కావాల్సింది మొగుడు కాదు. మ్యూట్ బటనున్న మొగుడు. ఈ ఇంట్లో నేను దగ్గాలన్నా నీ పర్మిషన్ కావాలి" అన్నాడు.

"ఉంటే ఎప్పుడో నొక్కేదాన్ని" అన్నాను.

అని తలుపు దభాలున వేసి, వీధిలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన పడుకున్నాడు, లేక పడుకున్నట్టున్నాడు. పొద్దున్నే బ్యాగు సర్దాడు. పీడ ఏమీ విరగడవలేదు.

సోమవారం

గొంతు ఇంటికే వచ్చాడు. నా కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని పాటలన్నీ విన్నాడు. నేను కొత్తగా చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటీ వివరించాను. మైకులు పాతవన్నాను. డ్రమ్ముల తోళ్లు అరిగిపోయాయన్నాను. గది చిన్నదన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇంత సూటిగా సరిపోయే సందర్భం తన జన్మలో చూడలేదన్నాడు. తరవాత సరదాలు మానేసి అసలు విషయానికొచ్చాడు.

"శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే డ్రమ్ములన్నీ తీసేసి మెషీన్‌తో వేయించేస్తాను. వాడికి నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

వాళ్లిద్దరూ మీసాలు రాకముందునుంచీ స్నేహితులు. చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు. నీ ఆల్బమ్, నీ ఇష్టం అన్నాను.

వెళ్లాక పెద్ద గదిలోకి వెళ్లి కూర్చున్నాను. సింబల్స్ మీద దుమ్ము పట్టింది. పాటల్లోంచి ఆయన్ని తీసేస్తే ఆ డ్రమ్ముల కోసమన్నా ఈ ఇంటికి రావాల్సిన పని ఉండదు. ఎవరో వచ్చి సామాను పట్టుకెళతారు, అంతే. అదీ మంచిదే అని రాద్దామనుకున్నాను. చెయ్యి రావడం లేదు. నాకు భయంగా ఉంది.

మంగళవారం

నడవా మైకు ఫైళ్లు డిస్కులో అనవసరంగా చోటు తింటున్నాయి. తీసి పారేద్దామని తెరిచాను. పారేసే ముందు ఒకసారి వినడం వృత్తిధర్మం. డిస్కులో బోలెడు చోటు ఉంది, అది వేరే సంగతి.

తొందర పాట ఫైలు పాటకన్నా బాగా పొడుగ్గా ఉంది. ఉంటుందని తెలుసు. రికార్డింగ్ ఆపకుండానే కదా నేను వెళ్లిపోయింది.

ముందు కూనిరాగం. తరవాత నేను. నా గొంతు పెంకు మీద గోరు గీసినట్టుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. తరవాత ఆయన మాట. అచ్చు నేను రాసినట్టే ఉంది, నేను ఒక్క ముక్కా కల్పించలేదు, అందుకు కొంచెం తృప్తిగా అనిపించింది. తరవాత నా జవాబు, ఆ జవాబు పూర్తికాకుండానే దాని మీద తలుపు.

తలుపు చప్పుడుకి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మైకు స్టాండు తలుపు పక్కనే ఉంది మరి. స్పీకరు మీద పెట్టిన పెన్ను దొర్లి కింద పడింది. అంత గట్టిగా వేస్తే గొళ్లెం పడుతుందా, పడదు. వేసిన తలుపు కిర్రుమంటూ మళ్లీ తెరుచుకుంది. ఆ సంగతి నేను చూసుకోలేదు. నా అడుగులు నడవాలో టకటకలాడుతూ దూరమై, వీధి తలుపు దగ్గర ఆగిపోయాయి. నాకు తెలిసింది అక్కడితో సరి.

తరవాత చాలాసేపు ఏమీ లేదు. స్టూలు కిర్రుమంది. ముక్కు ఎగపీల్చిన చప్పుడు. జలుబేమో.

తరవాత దగ్గాడు. అది జలుబు దగ్గు కాదు. గొంతు సవరించుకుని, తీరిగ్గా, ఒకసారి దగ్గి, అది చాలక ఇంకోసారి చివర్లో రాగం తీస్తూ దగ్గాడు. ఎవరి పర్మిషనూ లేకుండా, ఇల్లంతా తన పేర రాయించుకున్నంత దర్జాగా దగ్గాడు. నేను గదిలో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. ఆ దగ్గు చివర గొంతు కొంచెం విరిగింది. అది విన్నాక నవ్వు ఆగిపోయింది.

తరవాత ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెట్టి తొందర పాట మొదటినుంచి చివరిదాకా కొట్టాడు. హెడ్‌ఫోన్లో టిక్కుటిక్కుమనే మీటరు ఇంకా మోగుతూనే ఉన్నట్టుంది, వేగం ఎక్కడా తప్పలేదు. గిటారు లేదు, గొంతు లేదు, వినేవాళ్లు లేరు. కూనిరాగం కూని కూడా కాదు, పూర్తి గొంతుతో పాడాడు. నడవా గోడలు, నేల పలకలు, తెరుచుకున్న ఆ తలుపు, అన్నీ కలిసి మోగాయి. కిక్ పడితే నేల పడుతోంది. స్నేర్ చప్పుడు నడవా చివరిదాకా వెళ్లి వీధి తలుపుని తట్టి వెనక్కొస్తోంది. గొంతు చెప్పిన ఆ కడుపులో అదురు వచ్చింది నాకు. ఇన్నాళ్లూ కొనుక్కొచ్చి అతికించి, నొక్కి, హాళ్లు కట్టి నేను వెతికిందంతా ఈ మ్యూట్ బటన్ కింద ఉంది.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేముంది, చదివేదెవరు. నాకు ఆ మనిషి కావాలి. చప్పుడుతో సహా కావాలి. పల్లీల సంగతి తరవాత చూసుకుందాం.

బుధవారం

అన్ని పాటల్లోనూ నడవా మైకు తెరిచాను. గేట్లు పీకేశాను. పరాయి కిక్‌ని సాగనంపాను. దగ్గర మైకులు ఎముకలిస్తే నడవా మైకు కండ ఇచ్చింది. స్టూలు కిర్రుమంటోంది, అక్కడక్కడా కూనిరాగం గాలిలో వినీ వినపడకుండా తిరుగుతోంది. ఉండనిచ్చాను.

మధ్యలో ఒక తెలివితక్కువ పని చేశాను. మైకు దూరంగా ఉంది కాబట్టి ప్రతి దెబ్బా అక్కడికి ఒక పిసరు ఆలస్యంగా చేరుతుంది. అలవాటు కొద్దీ ఆ ఆలస్యాన్ని జరిపి, దెబ్బ మీద దెబ్బని సరిగ్గా కూర్చోబెట్టాను. వెంటనే అట్టపెట్టె మళ్లీ ప్రత్యక్షమైంది. ఆలస్యాన్ని తిరిగి ఇచ్చేశాను, గది వెనక్కి వచ్చింది. ఈ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఎక్కడికీ టైముకి వెళ్లలేదు. కనీసం ఒకచోట అది పనికొచ్చింది.

తొందర పాటకి గొడవకి ముందు రికార్డు చేసిన పాత టేకు తీసేసి ఆయన ఒంటరిగా కొట్టింది పెట్టాను. గిటార్లన్నీ దాని పక్కకి జరిపాను. మధ్యలో ఖాళీ కత్తిరించాను. దగ్గు తీసేశాను. మళ్లీ పెట్టాను. కొంచెం తగ్గించి ఉంచాను. గొంతుకి పంపేశాను.

మొదట్లో ఆ తలుపు చప్పుడు పొరపాటున ఉండిపోయింది. పొరపాటే.

గురువారం

గొంతు ఫోన్లో అరుస్తున్నాడు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని విన్నాను. మెషీన్ మాట మర్చిపొమ్మన్నాడు. తను అలాంటి మాట అన్నట్టే గుర్తులేదట. మా ఆయన తన ఇంట్లో, తన ఒళ్లో కూర్చుని కొడుతున్నట్టుందట.

"అన్నీ సరే. తొందర పాట మొదట్లో ఆ మొదటి దెబ్బ ఏ డ్రమ్ముది? అంత నిండు చప్పుడు నేను వినలేదు" అన్నాడు.

అది డ్రమ్ము కాదు తలుపని చెప్పాను. తలుపైతే తలుపు, పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ అది పడాలన్నాడు. కాకపోతే దాని మీద ఎవరో ఆడమనిషి "క్కేదాన్ని" అని కసురుతోందట, అది లేకుండా శుభ్రంగా ఒకటి కావాలట. ఆ ఆడమనిషి ఎవరని అడగలేదు. గొంతు మరీ అంత తెలివితక్కువవాడేం కాదు.

వెళ్లి తలుపు వేసి చూశాను. అదే మైకు, అదే చోటు. అల్మారా తలుపు వేసినట్టు మోగింది. గట్టిగా వేస్తే పెద్ద అల్మారా. ఇంకా గట్టిగా వేస్తే కింది వాటా ఆవిడ పైకొచ్చి, ఆయన వచ్చేశాడా అని ఆశగా అడిగింది.

శుక్రవారం

పని ఉంది కాబట్టి ఫోన్ చేశాను. పని లేకపోతే చేసేదాన్ని కాదు. అబద్ధం. పని లేకపోయినా ఇవాళ చేసేదాన్నే.

ఎత్తాడు.  వెనక వదిన, ఎవర్రా అంటోంది. తొందర పాటలో నేను వెళ్లాక నువ్వు కొట్టిన టేకు వాడాను, నీ పర్మిషన్ కావాలి అన్నాను. అవతల చప్పుడు లేదు. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం నేనెక్కడా రికార్డు చేయలేదు. 

"మొత్తం విన్నావా?" అన్నాడు.

"మొత్తం విన్నాను."

"ఇప్పుడు దగ్గొచ్చా?" అన్నాడు.

దగ్గమన్నాను. దగ్గలేదు. రేపొచ్చి వింటానన్నాడు.

శనివారం

మధ్యాహ్నం భోజనం వేళకి వస్తానన్నాడు, టీ వేళకి వచ్చాడు. చెప్పులు గుమ్మంలో విప్పి చేత్తో పట్టుకున్నాడు. వేసుకుని రమ్మన్నాను. చెప్పుల వంకా నా వంకా చూసి, వేసుకుని, మరీ అనుమానంగా నడిచొచ్చాడు.

పాట పెట్టాను. తలుపు దగ్గర ఉలిక్కిపడ్డాడు. దగ్గు దగ్గర నావైపు తిరిగాడు. తరవాత కదలకుండా విన్నాడు. మోకాలి మీద వేళ్లు ఆడటం మొదలుపెట్టి, గుర్తొచ్చి ఆపేశాడు. నేను ఆ చెయ్యి తీసి బల్ల మీద పెట్టాను. నేను చేసిన పనికి నాకే సిగ్గేసి, స్పీకర్ల వెనక వైర్లేవో చూడటానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద వాయిస్తున్నాడు.

గొంతుకి కావాల్సిన తలుపు కోసం ఇద్దరం తంటాలు పడ్డాం. ఆయన వేశాడు, నేను రికార్డు చేశాను. నేను వేశాను, ఆయన రికార్డు చేశాడు. మైకు జరిపాం, నడవాలో చాప తీశాం. రాలేదు. కోపం లేకుండా ఆ తలుపు అలా మోగదని తేల్చాడు. అయితే కోపం తెప్పించమన్నాను.

"నీకు కావాల్సింది మొగుడు కాదు" అని మొదలుపెట్టాడు, మొహం గంభీరంగా పెట్టుకుని.

మిగతాది అనేలోపే నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. తలుపుకి ఆనుకుని నవ్వుతున్న ఇద్దరు మనుషుల చప్పుడుతో ఆ టేకు పాడైపోయింది. పారేయలేదు.

తలుపు పని పూర్తయ్యేదాకా ఉంటానన్నాడు. పని పూర్తి కావాలి కదా అన్నాను.

ఆదివారం

వదిన బ్యాగు పంపించేసింది. బ్యాగుతోపాటు ఒక సొట్ట గిన్నె కూడా ఉంది. ఫోన్ చేసి, నిన్న బయల్దేరబోయే ముందు దాన్ని వాయించి మరీ వెళ్లాడని, బ్యాగు వెనక్కి పంపితే మాత్రం ఊరుకోనని చెప్పింది.

సోమవారం

పల్లీలు తింటున్నాడు. తిననీ. మనిషన్నాక తింటాడు.

మంగళవారం

ఇంకా తింటున్నాడు. ఈ ఊళ్లో పల్లీలన్నీ మా ఇంటికే వస్తున్నట్టున్నాయి. నేను ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి తింటున్నాడు. నేనేమీ అనలేదు. అనను.

బుధవారం

అన్నాను.

పెద్ద గదిలో, డ్రమ్ముల ముందు కూర్చుని, నోరంతా తెరిచి నములుతున్నాడు. అప్పటికీ మూడు రోజులు పళ్లబిగువున ఓర్చుకున్నాను. కాస్త నెమ్మదిగా నమలొచ్చు కదా అని మర్యాదగానే అన్నాను. నావైపు చూసి, గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్క గింజా లెక్కపెట్టి విరిచినట్టు నమిలి, నిండు నోటితో "దగ్గొచ్చా?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. తలుపు దభాలున వేసి వెళ్లిపోయాను.

నడవా సగం దాటాక ఆ చప్పుడు నా చెవికెక్కింది. వీధి తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. వెనక తలుపు కిర్రుమని తెరుచుకుంటోంది. కోపం తగ్గలేదు, దానంతట అది ఉంది. కానీ వీధిలోకి వెళ్లాలని లేదు. వెనక్కి తిరిగి, చెప్పులు టకటకలాడించుకుంటూ గబగబా పెద్ద గదికి వచ్చేశాను.

ఆయన హెడ్‌ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. రికార్డింగ్ ఎర్ర దీపం వెలుగుతోంది. పొద్దున్నించీ వెలుగుతూనే ఉందని తరవాత ఫైలు పొడుగు చూస్తే తెలిసింది.

"వచ్చింది" అన్నాడు.

మూడు రోజులుగా కావాలనే చేశావా అని అడిగాను. నోరు నిండా పల్లీలు ఉన్నాయని సైగ చేశాడు.

గురువారం

తలుపు చప్పుడు గొంతుకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. సరిగ్గా ఇదే కావాలన్నాడు. ఈసారి ఆడమనిషి కసరడం లేదు, దెబ్బ నిండుగా ఉంది, బ్రహ్మాండం. ఒక్కటే చిన్న సవరణ చెప్పాడు.

"దెబ్బ తరవాత అడుగుల చప్పుడు వస్తోంది చూడు. ముందు దూరంగా వెళ్లి, మళ్లీ దగ్గరికొస్తున్నాయి. వాటిని తుడిచెయ్, శుభ్రంగా ఉంటుంది."

పెద్ద గదిలో ఆయన బల్ల మీద వాయించడం మొదలుపెట్టాడు, కింద చీపురుకర్ర అందుకుంది. ఫోన్ కాస్త గట్టిగా పట్టుకుని, ఆ అడుగులు తీయనని చెప్పాను.